అరువు తెచ్చుకున్న బాల్యం



మాస్టారి పేరు మీద జరిగే ఈ ఉపన్యాసానికి విషయం ఎంచుకునే స్వేచ్ఛ నిర్వాహకులు నాకే ఇచ్చారు. మాస్టారు మన దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పండితులుగా రిటైరయ్యారు. కొడుకు దగ్గరికి మిషిగన్ వచ్చాక కూడా చాక్‌పీసు వదల్లేదు. ఆదివారం పూట ఒక ఇంటి బేస్‌మెంట్లో పిల్లల్ని కూర్చోబెట్టి గుణింతాలు, పద్యాలు చెప్పారు. అందుకే కవిత్వంలో బాల్యం, బడి, ఎదగడం అన్న విషయం తీసుకున్నాను. మన అమెరికా తెలుగు కవిత్వం మీద ఈ విషయంలో నాకొక గట్టి ఫిర్యాదు ఉంది. మాస్టారికీ ఉండేది. ముందు అది చెబుతాను.

మన సావనీర్లు ఒకసారి తిరగేయండి. ఉత్తర అమెరికా తెలుగు సంఘం, మన తానా, 1977లో మొదలైంది. అప్పటినుంచీ సభలు, సభలకు సంచికలు వస్తూనే ఉన్నాయి. వాటిలో చిన్ననాటి కవితలకు కొదవ లేదు. చెరువు గట్టు, మామిడి తోపు, ఎడ్లబండి, అమ్మమ్మ కలిపిన ముద్దపప్పు, సంక్రాంతి ముగ్గు. 1965 నాటి వలస చట్టం తర్వాత వచ్చిన తొలితరం వాళ్ళకు అది నిజంగా గడిచిన బాల్యమే. పల్లెలో పుట్టి, లాంతరు వెలుగులో చదువుకుని, గుంటూరులోనో కాకినాడలోనో వరంగల్లోనో పట్టా పుచ్చుకుని విమానం ఎక్కినవాళ్ళు. వాళ్ళు రాసినదాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు.

కానీ వాళ్ళ తర్వాత పాతికేళ్ళకు, ముప్పయ్యేళ్ళకు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల మీద వచ్చినవాళ్ళు కూడా అదే చెరువు, అదే తోపు రాస్తున్నారు. వీళ్ళలో చాలామంది పెరిగింది ఎక్కడ? విజయవాడలోనో హైదరాబాదులోనో ఒక రెసిడెన్షియల్ కాలేజీ హాస్టల్లో. తెల్లవారకముందే స్టడీ అవర్, రాత్రి భోజనాలయ్యాక మళ్ళీ స్టడీ అవర్. మధ్యలో పరీక్షలు, నోటీసు బోర్డు మీద మార్కుల వరసలో పేర్లు. ఇనప మంచం కింద ట్రంకుపెట్టె, అందులో బట్టల మధ్య దాచుకున్న ఆవకాయ సీసా. అమ్మానాన్న చూడటానికొచ్చే ఆదివారం కోసం ఎదురుచూపు. ఎంసెట్‌లో ర్యాంకు రాకపోతే ఊళ్ళో ఎలా తలెత్తుకోవాలన్న భయం. ఒక తరం తరమంతా ఇలా పెద్దదైంది. ఆ హాస్టల్ మీద, ఆ భయం మీద మన సంచికల్లో నాకు కనబడిన కవితలు బహు తక్కువ. తండ్రి బాల్యాన్ని కొడుకు అరువు తెచ్చుకుని రాస్తున్నాడు. సొంత బాల్యం అందంగా లేదని కాబోలు, దాన్ని పెట్టెలోనే ఉంచేశాడు.

బాల్యం మీద కవిత అనగానే అందంగా ఉండాలని మనకెవరు చెప్పారో తెలీదు. మనం నివసిస్తున్న ఈ మిషిగన్ కవులకు మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు. అమెరికాలో ఎందరో ఉండగా ఈ చుట్టుపక్కల వాళ్ళ గురించే మాట్లాడుతున్నానంటే కారణం ఉంది. మన పిల్లలు పెరుగుతున్న చలి, మన పిల్లలు నడుస్తున్న వీధులు వాళ్ళవి.

రాబర్ట్ హేడెన్ 1913లో డెట్రాయిట్‌లో పుట్టాడు. నల్లజాతి కుటుంబాలు ఇరుకుగా బతికిన పారడైజ్ వ్యాలీ అతని పేట. తర్వాతి రోజుల్లో ఫ్రీవేల కోసం ఆ పేటను దాదాపు మొత్తం కూలగొట్టేశారు. మీలో చాలామంది రోజూ డౌన్‌టౌన్‌కి వెళ్ళేది ఆ ఇళ్ళు ఉన్న నేల మీదుగానే. పుట్టినప్పుడు అతని పేరు ఏసా షెఫీ. తల్లిదండ్రులు విడిపోతే పక్కింటి హేడెన్ దంపతులు తెచ్చుకుని పెంచుకున్నారు. వాళ్ళ పేరే అతని పేరైంది. చూపు బాగా మందం. ఆటలకు పనికిరాక పుస్తకాలు ముఖానికి ఆనించుకుని చదువుకున్న పిల్లవాడు. పెద్దయి నాష్‌విల్‌లోని ఫిస్క్ యూనివర్సిటీలో రెండు దశాబ్దాలకు పైగా పాఠాలు చెప్పి, చివరికి ఆన్ ఆర్బర్ వచ్చి, 1980లో పోయేవరకూ అక్కడే పనిచేశాడు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో కవితా సలహాదారుగా నియమితుడైన మొదటి నల్లజాతి కవి అతనే. ఆ పదవినే ఇప్పుడు పోయెట్ లారియెట్ అంటున్నారు.

అతని 'దోస్ వింటర్ సండేస్' 1962లో పుస్తకంలో వచ్చింది. పద్నాలుగు పంక్తులు. వారమంతా ఎండావానల్లో కాయకష్టం చేసి చేతులు పగిలిన తండ్రి ఆదివారం కూడా అందరికంటే ముందు చీకట్లో లేచి పొయ్యి రాజేస్తాడు. ఇల్లు వేడెక్కాకే పిల్లవాణ్ణి పిలుస్తాడు. పిల్లవాడు మెల్లగా లేస్తాడు, మెల్లగా బట్టలు వేసుకుంటాడు. ఎందుకంటే ఆ ఇంట్లో కోపాలున్నాయి, వాటికి అతను భయపడతాడు. చలిని తరిమి, తన మంచి బూట్లకు కూడా మెరుగు పెట్టిన మనిషితో ముక్తసరిగా మాట్లాడతాడు. ఎవరూ ఆయనకు కృతజ్ఞత చెప్పలేదు. చివర రెండు పంక్తుల్లో, పెద్దవాడైన కొడుకు, ప్రేమ ఇలాంటి ఒంటరి పనులు కూడా చేస్తుందని తనకప్పుడేం తెలుసని తనను తానే అడుక్కుంటాడు.

ఈ కవితను మనవాళ్ళకు వినిపించినప్పుడల్లా తండ్రి త్యాగం గురించి మాట్లాడతారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది ఆ ఇంట్లోని కోపాల ప్రస్తావన. హేడెన్ దాన్ని తీసేసి ఉంటే ఫాదర్స్ డే కార్డు మిగిలేది. భయమూ నిజమే, పొయ్యి రాజేసిన చేతులూ నిజమే. రెండూ ఒక్క ఇంట్లో, ఒక్క మనిషిలో ఉన్నాయి. ఆ సంగతి పిల్లవాడికి ఒక వయసులో సగం తెలుసు, మరో వయసులో మిగతా సగం తెలిసింది. బాల్యం మీద నిలిచే కవితలన్నిటిలోనూ ఇలా రెండు వయసులుంటాయి. చూసినవాడి వయసు ఒకటి, అర్థం చేసుకున్నవాడి వయసు ఒకటి. మన సావనీరు కవితల్లో రెండోది మాత్రమే ఉంటుంది. యాభయ్యేళ్ళవాడు పదేళ్ళవాడి చొక్కా తొడుక్కుని నిలబడితే అందులో పిల్లవాడు ఎక్కడుంటాడు?

ఇక్కణ్ణుంచి ఉత్తరానికి ఐ-75 మీద వెళితే సాగినా వస్తుంది. థియోడర్ రెట్కీ 1908లో అక్కడ పుట్టాడు. తండ్రి ఒట్టోకీ, పెదతండ్రికీ పెద్ద పూలతోట, అద్దాల పాకలు ఉండేవి. మంచుకాలంలో బయట అంతా గడ్డకట్టి ఉంటే లోపల గులాబీలు పూయించే వ్యాపారం. రెట్కీ పద్నాలుగో ఏట, 1923లో, తండ్రి కేన్సర్‌తో పోయాడు. అతను రాసిన 'మై పాపాస్ వాల్ట్జ్' లో తాగి ఇంటికొచ్చిన తండ్రి చిన్న కొడుకుతో వంటింట్లో నాట్యం చేస్తాడు. అరలో గిన్నెలు జారిపడతాయి. తల్లి ముఖం ముడుచుకునే ఉంటుంది. తండ్రి అడుగు తప్పినప్పుడల్లా బెల్టు బకిల్ పిల్లవాడి చెవికి గీసుకుంటుంది. చివరికి అలాగే చొక్కా పట్టుకుని వేలాడుతూ పక్క మీదికి చేరతాడు. ఇది ఆనందమా, హింసా అని ఇక్కడి తరగతి గదుల్లో ఇప్పటికీ వాదులాడుకుంటారు. నా మటుకు నాకు రెట్కీ ఆ వాదాన్ని తెంచకపోవడమే సరైన పని అనిపిస్తుంది. ఆ ఎత్తులో ఉన్న పిల్లవాడికి కనబడేది బకిల్, మట్టి అంటిన అరచెయ్యి. తీర్పు పెద్దవాళ్ళకు కావాలి.

డెట్రాయిట్ గురించి మాట్లాడుతూ డడ్లీ రాండల్‌ని తలుచుకోకపోతే తప్పవుతుంది. ఆయన వృత్తి లైబ్రేరియన్. 1963 సెప్టెంబర్ 15, ఆదివారం, అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో నల్లవాళ్ళ చర్చిలో క్లాన్ ముఠావాళ్ళు పెట్టిన బాంబు పేలి నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి పద్నాలుగేళ్ళు, ఒకరికి పదకొండు. రాండల్ దాని మీద 'బాలడ్ ఆఫ్ బర్మింగ్‌హామ్' రాశాడు. హక్కుల ఊరేగింపుకి వెళతానని కూతురు అడుగుతుంది. అక్కడ కుక్కలు, లాఠీలు, తుపాకులు ఉంటాయి, వద్దు, చర్చికి వెళ్ళి పాడు అంటుంది తల్లి. తల దువ్వి, తెల్ల గ్లవుజులు, తెల్ల బూట్లు తొడిగి పంపుతుంది. భద్రమైన చోటికే పంపానని నవ్వుకుంటుంది. ఆ తర్వాత గాజు పెంకుల్లో, ఇటుకల్లో వెతుకుతుంది. బూటు దొరుకుతుంది. ఈ కవితను రాండల్ 1965లో ఒంటి కాగితం మీద అచ్చువేశాడు. బ్రాడ్‌సైడ్ ప్రెస్ పుట్టింది అలాగే. నల్లజాతి కవిత్వానికి ఆ ప్రెస్ ఎంత పెద్ద దిక్కైందో చెప్పాలంటే మరో ఉపన్యాసం కావాలి.

మరుసటి ఏడాది అదే వరసలో ఆయన గ్వెండొలిన్ బ్రూక్స్ కవిత 'వీ రియల్ కూల్' వేశాడు. బ్రూక్స్ షికాగో కవయిత్రి. 1950లో పులిట్జర్ అందుకున్న మొదటి నల్లజాతి రచయిత. బడి జరిగే వేళ తమ పేటలో ఒక పూల్ గది పక్కగా వెళుతూ ఆమె లోపల కుర్రాళ్ళను చూసింది. పెద్దవాళ్ళం ఎవరమైనా, వీళ్ళు బడికెందుకు పోలేదని అడుగుతాం. వీళ్ళు తమ గురించి తాము ఏమనుకుంటున్నారో అని ఆమె ఆలోచించింది. అందుకే ఆ కవిత కుర్రాళ్ళ గొంతుతో ఉంది. చిన్న చిన్న మాటల ఎనిమిది పంక్తులు, చివరి మూడు మాటల్లో చావు.

మనకు ఇలాంటి కవిత్వం లేదా అంటే, ఉంది. మనం సభల్లో చదవం, అంతే. గుర్రం జాషువా 1895లో వినుకొండలో పుట్టారు. ఆయన స్వీయచరిత్ర 'నా కథ' పద్యాల్లోనే సాగుతుంది. ఊళ్ళోనూ బడిలోనూ ఎదురైన అంటరానితనం, తోటిపిల్లల ఎగతాళి అందులో ఉన్నాయి. తల్లిదండ్రులు వేరువేరు కులాలవాళ్ళు కావడంతో ఇంటా బయటా పడిన అవస్థ ఉంది. చదువు చెప్పాల్సిన చోట కులం నేర్పితే ఆ పిల్లవాడు ఎలా ఎదుగుతాడో తెలుసుకోవాలంటే మనకు పద్యంలో అంతకంటే మంచి సాక్ష్యం లేదు. జాషువా అనగానే గబ్బిలం, పిరదౌసి అని ఆగిపోతాం. 'నా కథ' ఈ దేశంలో పుట్టిన మన పిల్లలకు చెప్పడానికి ఇంకా అనువైనది. హేడెన్‌ని, బ్రూక్స్‌ని తమ బడిలో చదివిన పిల్లలు జాషువాను వెంటనే గుర్తుపడతారు.

శ్రీశ్రీ 'శైశవ గీతి' మీకందరికీ తెలుసు. అది బాల్యానికి జేజేలు పలికే పాట. పసితనంలోనే తల్లిని పోగొట్టుకున్న మనిషి అలా రాయడంలో ఎంత బెంగ ఉందో తలుచుకుంటే మనసు కలుక్కుమంటుంది. కానీ ఆ దారి అందరికీ కుదిరేది కాదు.

పోతన భాగవతం దగ్గరికి వెళదాం. మాస్టారికి ప్రాణప్రదమైన ఘట్టం సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడి చదువు. హిరణ్యకశిపుడు కొడుకును చండామార్కుల దగ్గర బడిలో వేస్తాడు. కొన్నాళ్ళకు పిలిపించి, తొడ మీద కూర్చోబెట్టుకుని, నువ్వు చదివిన వాటిలో ఒక మంచి పద్యం చెప్పు నాయనా అని ముద్దుగా అడుగుతాడు. ఇది మన ఇళ్ళల్లో నేటికీ జరుగుతోంది. విందుకు వచ్చినవాళ్ళ ముందు పిల్లను నిలబెట్టి, ఏదీ, తెలుగు బడిలో నేర్చుకున్న పద్యం ఒకటి చెప్పమ్మా అంటాం. ప్రహ్లాదుడు తను నిజంగా నమ్మినది చెప్పాడు. తండ్రి మొదటిసారి నవ్వి ఊరుకున్నాడు. రెండోసారి మండిపడి గురువుల మీద విరుచుకుపడ్డాడు. వాళ్ళు గజగజలాడుతూ, ఇది మేం నేర్పింది కాదు మహాప్రభో అని మొరపెట్టుకున్నారు. భక్తి సంగతి అలా ఉంచి చూడండి. అడిగినవాడు ఆశించని జవాబు చెప్పే పిల్లవాడు మన సాహిత్యంలో ఎంత గట్టిగా నిలబడ్డాడో. మాస్టారు ఈ ఘట్టం చెప్పేటప్పుడు పిల్లల వంక కాకుండా, వెనక కుర్చీల్లో కూర్చున్న తల్లిదండ్రుల వంక చూసేవారు.

దశమ స్కంధంలో కుచేలుడు వచ్చినప్పుడు కృష్ణుడు గుర్తుచేసేది కూడా వినదగ్గది. ఇద్దరూ సాందీపని దగ్గర చదువుకున్నవాళ్ళు. ఎన్నో ఏళ్ళకు కలిశారు. కృష్ణుడికి ముందుగా గుర్తొచ్చింది పాఠం కాదు. గురుపత్ని కట్టెలు తెమ్మని పంపితే అడవిలో గాలివాన పట్టుకుని, చీకట్లో దారి తెలియక, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని రాత్రంతా తిరగడం. తెల్లవారి గురువు వెతుక్కుంటూ రావడం. బడి అంటే మనసులో మిగిలేది ఇలాంటి రాత్రే. మన హాస్టల్ తరానికీ ఇలాంటి రాత్రులున్నాయి. గోడ దూకి సినిమాకి వెళ్ళిన రాత్రి. పక్కమంచం స్నేహితుడు ఉన్నట్టుండి పెట్టె సర్దుకుని వెళ్ళిపోయిన రాత్రి. ఎందుకు వెళ్ళాడో వార్డెన్ చెప్పని రాత్రి. అవి రాయండని అడుగుతున్నాను.

ఇక ఇక్కడ పుట్టి పెరుగుతున్న పిల్లల మాట. లీ-యంగ్ లీ అని చైనా తల్లిదండ్రులకు జకార్తాలో 1957లో పుట్టిన కవి ఉన్నాడు. 1964లో అమెరికా చేరాడు. అతని 'పర్సిమన్స్' 1986 నాటి పుస్తకంలోది. ఆరో తరగతిలో, రెండు ఇంగ్లీషు మాటలు కలగాపులగం చేసినందుకు టీచరమ్మ తల వెనక ఒక్కటి కొట్టి మూల నిలబెడుతుంది. తర్వాత ఒకరోజు ఆమే ఒక పర్సిమన్ పండు తెచ్చి, తరగతి ఎదుట కోసి, అందరికీ రుచి చూపిస్తుంది. ఆ పండు ఇంకా మాగలేదని పిల్లవాడికి తెలుసు. తను తినకుండా, ఏమీ అనకుండా, తిన్నవాళ్ళ ముఖాలు చూస్తూ కూర్చుంటాడు. టీచరుకు తెలియనిది ఒకటి తనకు తెలుసునన్న ఆ మౌనం మన ప్రతి ఇంట్లో ఉంది. మన పిల్లలకు బడిలో తెలిసిన కొన్ని సంగతులు మనకు తెలియవు, ఇంట్లో తెలిసిన కొన్ని సంగతులు బడికి తెలియవు. ఈ రెంటి నడుమ వాళ్ళు పెద్దవాళ్ళవుతున్నారు.

మాస్టారి తరగతిలో నేను చూసిన సంగతి ఒకటి చెబుతాను. జనవరి. ముందురోజు స్నో డే, బడులు మూసేశారు. ఇంట్లో జరిగింది ఏదైనా ఒకటి తెలుగులో రాయండి అని మాస్టారు కాగితాలిచ్చారు. పదేళ్ళ కుర్రాడొకడు చాలాసేపు పెన్సిలు నమిలి మూడు వాక్యాలు రాశాడు. గీకుతున్న చప్పుడికి తనకు మెలకువ వచ్చిందని. కిటికీలోంచి చూస్తే నాన్న తన కారు అద్దం మీద మంచు గీకాక అమ్మ కారుది కూడా గీకుతున్నాడని. అమ్మకు తెలీదని. ఒత్తులన్నీ తప్పులు. మాస్టారు కాగితం కళ్ళద్దాలకు దగ్గరగా పెట్టుకుని చదివి, ఎర్ర పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. మూడో వాక్యం ఇంకోసారి గట్టిగా చదవమన్నారు. వాడు చదివాడు. వాళ్ళమ్మ అక్కడే ఉంది.

ఆ కుర్రాడు అప్పటికి హేడెన్ పేరు కూడా విని ఉండడు. అదే ఊరి చలి, అదే వేకువ, అదే ఎవరికీ తెలియకుండా చేసిన పని. మామిడి తోపు మీద రాయమంటే వాడు రాయలేడు, వాడికి తోపు తెలియదు. వాడికి తెలిసిన బాల్యం వాడి కిటికీ అవతల ఉంది. దానికి తెలుగులో చోటు ఉందని మాస్టారు ఆ పూట వాడికి చూపించారు. సిలికానాంధ్ర వాళ్ళ తెలుగు తరగతులు, మనబడి, 2007లో మొదలైనప్పటి నుంచి మన పిల్లలు ఎందరో తెలుగు చదవడం, రాయడం నేర్చుకున్నారు. అది చిన్న పని కాదు. కానీ నేర్చుకున్న అక్షరాలతో వాళ్ళు ఎంతసేపూ మన పద్యాలే అప్పజెప్పాలా? వాళ్ళ మాట ఎప్పుడు రాస్తారు?

దీనికి దారి ఇక్కడి బడులే చూపించాయి. కెనెత్ కోక్ అనే కవి న్యూయార్క్ మన్‌హటన్‌లో ఒక మామూలు ప్రభుత్వ బడికి, పి.ఎస్. 61కి వెళ్ళి పిల్లల చేత కవిత్వం రాయించి, 1970లో ఆ అనుభవమంతా పుస్తకంగా వేశాడు. అతను ఇచ్చిన అభ్యాసాల్లో ఒకటి చాలా తేలిక. ఒకప్పుడు నేను ఇలా ఉండేదాన్ని, ఇప్పుడు ఇలా ఉన్నాను అని పంక్తి తర్వాత పంక్తి రాసుకుంటూ పోవాలి. ఎదగడమంటే ఏమిటో పిల్లలకు ఇంతకంటే సూటిగా అందించే ఎత్తుగడ నేను చూడలేదు. మన డెట్రాయిట్‌లోనే టెర్రీ బ్లాక్‌హాక్ అనే బడి పంతులమ్మ 1995లో ఇన్‌సైడ్‌అవుట్ అనే సంస్థ పెట్టి, కవులను నగరంలోని బడులకు పంపడం మొదలుపెట్టింది. ఆ పని ఆగలేదు. మన తెలుగు సంఘాలు కూడా ఇది చేయగలవు. హాలు ఉంది, పిల్లలున్నారు, కవులకు లోటు లేదు.

అందుకని మీ అందరికీ నా మనవి ఇది. తెలుగు తరగతులు నడిపే అక్కయ్యలూ అన్నయ్యలూ, నెలకో ఆదివారం పద్యం అప్పజెప్పించడం ఆపి కాగితం ఇవ్వండి. ఒత్తులు తప్పినా దిద్దకుండా ముందు చదవండి. ఇంగ్లీషు మాట దొర్లితే దొర్లనివ్వండి. హాస్టళ్ళలో పెరిగిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, తోపులు మీ నాన్నగారికి వదిలేసి మీ ఇనప మంచం గురించి రాయండి. సంచికల సంపాదకులు ఆ కవితలు బాగాలేవని కాకుండా బాధగా ఉన్నాయని పక్కన పెట్టొద్దు. ఈ స్మారకోపన్యాసం నిర్వాహకులకు ఒక ప్రత్యేకమైన కోరిక. వచ్చే ఏడాది ఈ సభలో మొదటి అరగంట పిల్లలకు ఇవ్వండి. వాళ్ళు రాసుకున్నది వాళ్ళే చదవాలి, మధ్యలో ఎవరూ అందుకుని సరిచేయకూడదు. ఉపన్యాసకుడి సమయంలోంచి ఆ అరగంట తీసుకోండి. ఎవరు వచ్చినా కాదనరు.